మెలికకు టేకు వద్దు, మెరుపూ వద్దు

చెక్క మీద నగిషీ చెక్కడం నేర్చుకోవాలని ఉందంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "మంచి టేకు ఎక్కడ దొరుకుతుంది?" అని. రెండోది, "చివర్లో తళతళ మెరవాలంటే ఏ పాలిష్ వెయ్యాలి?" అని. ఏం చెక్కాలనుకుంటున్నారో, ఉలికి పదును ఎలా పెట్టాలో అడిగేవాళ్ళు అరుదు. మన ఊళ్ళలో ఈ సరదా ఇంటింటికీ పాకకపోవడానికి ఆ రెండు ప్రశ్నలే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. టేకు ధర విని కొందరు ఆ రోజే వెనక్కి తగ్గుతారు. కొన్నవాళ్ళు దాని మీద ఉలి ఆడక విసిగిపోతారు. పట్టుదలగా పూర్తిచేసిన ఒకరిద్దరు పైన దట్టంగా పాలిష్ పట్టించి, నెలల తరబడి చెక్కిన పనిని ఒక్క పూటలో కప్పేస్తారు.

నేను చెక్కేవి మెలికలు. ఒక పోగు ఇంకో పోగు మీదుగా వెళ్ళి, ఆ తర్వాతి దాని కిందుగా దూరి, ఎక్కడా తెగకుండా బయల్దేరిన చోటికే తిరిగి చేరే అల్లిక. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లెక్కల టీచర్ని. విశాఖలో కాపురం. రిటైరయ్యాక ఉలి పట్టుకున్నాను. చేతికి మొదట వచ్చిన నమూనా మా అమ్మ వాకిట్లో వేసిన మెలికల ముగ్గే. తెలుగింట్లో పుట్టిన ఆడపిల్లకి ఆ నమూనా ఎవరూ ప్రత్యేకంగా ఇవ్వక్కర్లేదు. ధనుర్మాసం నెల్లాళ్ళూ కళ్ళముందే ఉంటుంది.

ఈ ముగ్గుల్లో లెక్క ఉంది, అదే నన్ను పట్టేసింది. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు చుక్కలు పెట్టి, ప్రతి చుక్క చుట్టూ ఏటవాలుగా గీత తిప్పుకుంటూ పోతే, మొత్తం ముగ్గు ఒకే గీతలో పూర్తవుతుంది. మూడుకు మూడు పెడితే ఒక గీత చాలదు, మూడు విడివిడి గీతలు వస్తాయి. నాలుగుకు ఆరు పెడితే రెండు. ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఈ సంగతి చుక్కల కాగితం మీద తనంతట తాను కనిపెట్టినప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, వాళ్ళతో పనిచేసినవాళ్ళు తమిళుల కోలాలను 1970లలోనే గణితంగా పరిశోధించి, కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకెళ్ళారు. మన ఆడవాళ్ళ మునివేళ్ళకు తెలిసిన విద్య అంత దూరం వెళ్ళింది గానీ, పక్కనే వడ్రంగి బల్ల మీద ఉన్న చెక్క దాకా మాత్రం రాలేదు.

రాతి మీదికి మాత్రం ఎప్పుడో వచ్చింది. రావిచెట్టు కింద, పసుపు కుంకుమలతో ఉండే నాగప్రతిష్ఠ రాళ్ళను ఈసారి దగ్గరికి వెళ్ళి చూడండి. రెండు పాములు తోకల నుంచి పడగల దాకా పెనవేసుకుని ఉంటాయి. ఒకదాన్నొకటి దాటే చోటును దాటు అంటాను. ఒక దాటు దగ్గర ఎడమ పాము పైన ఉంటే, తర్వాతి దాటు దగ్గర కుడి పాము పైన ఉంటుంది. పేరు తెలియని శిల్పి ఆ క్రమం తప్పకుండా చెక్కాడు. మెలిక పని మొత్తానికి అదే మూలసూత్రం. పైన, కింద, పైన, కింద. ఏ పోగు పట్టుకుని నడిచినా అలాగే రావాలి. ఎంత చిక్కు మెలికైనా, అందులో ఒక గీత ఉన్నా పది గీతలున్నా, ఈ క్రమం కుదిరి తీరుతుంది. ఎక్కడైనా రెండు "పైన"లు వరసగా వచ్చాయంటే పెన్సిలు గీసేటప్పుడే పొరపాటు జరిగిందన్నమాట.

ముగ్గుకు పైనా కిందా ఉండవు. పిండి గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయంతే. అదే ముగ్గు చెక్క మీదికి రాగానే ప్రతి దాటు దగ్గరా ఎవరు పైన, ఎవరు కింద అని తేల్చాలి. నేల మీది బొమ్మకు మందం వస్తుంది. ఆ మందమే నన్ను ఇన్నేళ్ళుగా బల్ల దగ్గర కూర్చోబెడుతోంది.

ఐర్లండు, స్కాట్లండు వాళ్ళ మెలికలు లోకమంతా ఎరిగినవి. క్రీ.శ. 800 ప్రాంతంలో తయారై ఇప్పుడు డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉన్న కెల్స్ గ్రంథం పుటల్లో అవి అణువణువునా అల్లుకుని ఉంటాయి. నార్వేలోని ఉర్నెస్ చెక్క చర్చి ద్వారం మీద మృగాలూ తీగలూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఎనిమిది వందల ఏళ్ళకు పైగా నిలిచి ఉన్నాయి. కానీ ఇవాళ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఒక గుమాస్తా సాయంత్రం పూట ఇంట్లో కూర్చుని ఆ మెలికలు చెక్కుతున్నాడంటే, అందులో ఒక బడిపంతులు పుణ్యం చాలా ఉంది. ఆయన జార్జ్ బెయిన్. స్కాట్లండులో కిర్కాల్డీ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. సన్యాసులు మాత్రమే గీయగలరని జనం అనుకున్న మెలికలను విడగొట్టి, చుక్కలు ఎక్కడ పెట్టాలి, గీత ఎటు తిప్పాలి అని మెట్టు మెట్టుగా బొమ్మలు వేసి 1951లో పుస్తకం అచ్చువేశారు. కంసాలి, తోలుపనివాడు, ఎంబ్రాయిడరీ చేసే ఇల్లాలు, చెక్కపని సరదాపడే రైల్వే ఉద్యోగి, ఎవరైనా పట్టుకోగల పద్ధతి అది. మనకు అలాంటి పుస్తకం కూడా అక్కర్లేదు. ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మనకు అడ్డం పడుతున్నది టేకు మోజు, మెరుపు మోజు.

టేకు మీద నాకు ద్వేషం లేదు. ద్వారబంధానికి, మంచానికి, పడవకి దాన్ని మించింది లేదు. చెద పట్టదు, నీటికి లొంగదు. మెలిక పనికి మాత్రం అది సరిపడదని అంటాను. టేకు ఏటా పెరిగే వలయాల్లో ఒక పట్టీ పెద్ద పెద్ద రంధ్రాలతో గుల్లగా, పక్క పట్టీ గట్టిగా ఉంటుంది. ఉలి మెత్తటి చోట జారి, గట్టి చోట ఆగుతుంది. అరచేతిలో పట్టే మెలికలో పోగు వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. అంత సన్నటి పోగు అంచున ఒక రంధ్రం తెరుచుకుందంటే అంచు పళ్ళుపళ్ళుగా లేస్తుంది. పైగా టేకులో సిలికా ఉంటుంది. ఉలి పదునును అది ఊరికే తినేస్తుంది. వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి, టేకు అందమంతా దాని గీతల్లోనే ఉండటం. మెలిక అందమూ గీతల్లోనే ఉంది. రెండూ ఒకే పలక మీద పెడితే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. చూసేవాడి కన్ను పోగు వెంట పోవాలో, కర్ర చార వెంట పోవాలో తెలియక తిరుగుతుంది.

మెలికకు కావలసింది లేతరంగు కర్ర. చారలు పెద్దగా లేనిది, రంధ్రాలు సన్ననివి, ఎటు కోసినా ఒకేలా తెగేది. యూరప్ శిల్పులు లిండెన్ కర్రను అందుకే ఎంచుకున్నారు. జర్మనీలో టిల్మన్ రీమెన్‌ష్నైడర్, ఇంగ్లండులో గ్రిన్లింగ్ గిబ్బన్స్ తమ గొప్ప పనులు చాలావరకు దానిమీదే చేశారు. అమెరికా వాళ్ళ బాస్‌వుడ్ దాని చుట్టమే. దాన్ని తెప్పించుకుంటామని మన కుర్రాళ్ళు కొందరు అడుగుతుంటారు. ఎందుకు? మా విశాఖకు దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలన్నీ అంకుడు కర్రవే. ఏనుగు దంతం ఛాయ, నున్నటి నార, పక్కాగా తెగే గుణం. మెలిక కోసమే పుట్టిందా అనిపిస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి దానికంటే తేలిక, మెత్తన. రంగులు వేసే బొమ్మకు అది బంగారం. మెలికకు మాత్రం మరీ మెత్తన. ఉలికి పదును కాస్త తగ్గితే చాలు, నార తెగకుండా నలుగుతుంది.

అంకుడు అంత మంచిదైతే అందరూ అదే కొనండి అని నేను చెప్పను. ఏటికొప్పాకలో అంకుడుకూ, కొండపల్లిలో పొణికికీ ఇప్పటికే కటకటగా ఉంది. ఆ కర్ర మీదే బతికే కుటుంబాలు ఉన్నాయి. సరదాకి చెక్కుకునే మనం వాళ్ళ మొద్దుల కోసం పోటీపడటం ధర్మం కాదు. వాళ్ళు కోసి పక్కన పడేసిన ముక్కలు మనకు చాలు. అడిగితే ఇస్తారు, తగిన డబ్బులు ఇవ్వండి. అరచేతి వెడల్పు ముక్కలో మూడుకు నాలుగు మెలిక హాయిగా పడుతుంది. ఎర్రచందనం, జిట్టేగి సంగతి అసలు ఎత్తొద్దు. ఎర్రచందనం మన శేషాచలం, నల్లమల కొండల సొంతం, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. "ఎవరో తెలిసినవాళ్ళ దగ్గర చిన్న ముక్క ఉందట" అని ఎవరైనా మీకు చెప్తే, వద్దని చెప్పి వచ్చేయండి.

మరి దేనిమీద చెక్కాలి? నా ఓటు గుమ్మడి టేకుకి. పేరులో టేకు ఉంది గానీ టేకుకీ దీనికీ కర్ర గుణంలో చాలా తేడా. లేత పసుపు కలిసిన తెలుపు, తేలిక, ఆరాక పెద్దగా మెలి తిరగదు. నేను సామిల్లుకు వెళ్ళి అది అడిగితే యజమాని ఆశ్చర్యపోయాడు. "టీచరమ్మా, మీకు మంచి టేకు ముక్క తీసి ఉంచాను. ఆ గుమ్మడి టేకు ఏం చేసుకుంటారు?" అన్నాడు. మరోసారి వెళ్ళినప్పుడు చెక్కిన పలక చూపించాను. అప్పటి నుంచి ముక్కలు తీసి పక్కన పెడుతున్నాడు. వేప కూడా మంచిదే. పూరీ జగన్నాథుడి విగ్రహాలు వేప దారువుతోనే చేస్తారు. నార కొంచెం అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి పోగు వెడల్పు పెంచుకోవాలి. మామిడి చవక, చెద భయం ఉంది. ఇంట్లో గోడకు తగిలించుకునే పలకకు సరిపోతుంది. పనస పసుపురంగు కాలం గడిచేకొద్దీ తేనెరంగులోకి తిరుగుతుంది. బొబ్బిలి వీణలు దానితోనే చేస్తారు. పనస ముక్క దొరికితే వదలకండి. నేరేడు నీళ్ళలో నానినా చెక్కుచెదరదు గానీ, దాని నార ఉలిని సాగనివ్వదు. మొదటి ఏడాదిలో దాని జోలికి పోవద్దు.

ఈ కర్రలేవీ కొట్లోనే కొనాలని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరిని తాకినప్పుడు విశాఖలో చెట్లు కుప్పకూలి వీధులు మూసుకుపోయాయి. నీడనిచ్చిన చెట్లు రోజుల తరబడి రోడ్ల పక్కన పడి ఉండి, ముక్కలై, చాలావరకు పొయ్యిల పాలయ్యాయి. వేప, పనస, మామిడి, గుమ్మడి టేకు అన్నీ అందులో ఉన్నాయి. మా వీధిలో కూలిన పనస మొద్దు ముక్క ఒకటి ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. ఆ ముక్కలోంచి వచ్చిన పలకలే ఇవాళ మా పిల్లల ఇళ్ళలో గోడల మీద ఉన్నాయి. ఈ సరదా కోసం పచ్చని చెట్టు కొట్టాల్సిన పని లేదు. మన దగ్గర 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం కూడా. కూలినవి, కొమ్మలు నరికినవి, పాత కిటికీలు, విరిగిన పీటలు మన బోటివాళ్ళకు చాలు.

మొద్దు తెచ్చిన రోజే రెండు కొసలకీ కరిగించిన మైనమో, ఇంట్లో మిగిలిన పాత పెయింటో దట్టంగా పూయాలి. నీరు కొసల నుంచే తొందరగా పోతుంది, అక్కడే మొదట పగులుతుంది. నడిమధ్య ఉండే బొడ్డు వచ్చేలా పలక కోయకూడదు. ఎంత మంచి కర్రైనా బొడ్డు చుట్టూ నెర్రెలు విచ్చుతాయి. అంగుళం మందానికి ఏడాది అని పాతవాళ్ళ లెక్క. అంతకంటే నమ్మకమైన పద్ధతి వంటింటి తక్కెడ. ముక్క మీద తేదీ, బరువు రాసుకోండి. వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే కర్ర ఆరినట్టే. తొందరపడి ఎండలో పెట్టొద్దు. గాలి ఆడే నీడ కావాలి.

ఇక ఒక్క దాటు ఎలా చెక్కాలో చెప్తాను. కర్ర, పూత గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం అందులోనే ఉంది. కాగితం మీద మెలిక గీసి పలక మీద అంటించాను. పోగుల మధ్య ఖాళీలను నాలుగైదు మిల్లీమీటర్లు లోతుగా తవ్వాను. ఇప్పుడు దాటు. పైన పోయే పోగు రెండు అంచుల వెంబడీ ఉలిని నిలువుగా పెట్టి కొడతితో నెమ్మదిగా దించుతాను. అది గోడ. తర్వాత కింద పోయే పోగును ఆ గోడ వైపు వాలుగా చెక్కాలి. కొత్తవాళ్ళు గోడ పక్కనే గొయ్యి తవ్వేస్తారు. అప్పుడు అది పోగులా ఉండదు, రెండు ముక్కలు తెచ్చి ఆనించినట్టు ఉంటుంది. వాలు పోగు వెడల్పుకు రెండింతల దూరం నుంచే మొదలుకావాలి. గోడ దగ్గరికి వచ్చేసరికి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు దిగితే చాలు. అవతలి పక్క మళ్ళీ అలాగే పైకి లేవాలి. కాగితం పట్టీ అంచు ఒకటి ఆనించి చూస్తే అవతల బయటికి వచ్చిన పోగు, ఇవతల దూరిన పోగు ఒకే వంపులో ఉండాలి. కింద కనపడని ముక్క కూడా ఉందని కన్ను నమ్మాలి. మెలిక చెక్కడంలో కష్టమూ ఆనందమూ ఆ నమ్మకం పుట్టించడమే.

ఇంకొక్కటి. కర్ర నార ఒకటే దిక్కున ఉంటుంది, పోగు మాత్రం తిరుగుతూ ఉంటుంది. గుండ్రటి వంపు వెంట ఉలి నడిపితే ప్రతి పావు చుట్టుకూ దిశ మార్చుకోవాలి. నార వాలుకు ఎదురు వెళితే ఉలి మొన లోపలికి దిగి పెచ్చు లేస్తుంది. వంపు లోపలి అంచుకీ బయటి అంచుకీ ఈ దిశ తలకిందులుగా ఉంటుంది. అందుకే కర్ర నున్నగా, ఒకే తీరుగా ఉండాలంటున్నాను. పోగుల మధ్య పూర్తిగా చిల్లులు పడేలా జాలీలా కోసేవాళ్ళు మరో సంగతి చూసుకోవాలి. నారకు అడ్డంగా పోయే పోగు బలహీనం, వేలితో నొక్కితే విరుగుతుంది. అలాంటి పోగులు వీలైనంత పొట్టిగా ఉండేలా బొమ్మను తిప్పి అంటించుకోవాలి.

ఇంత పనితో వచ్చిన వాలు, గోడ, రెండు మిల్లీమీటర్ల నీడ మీదకి మనవాళ్ళు ఏం తెస్తారు? మెలమైనో, పీయూ పాలిషో. రెండు మూడు పూతలు దట్టంగా. ఆ పూత మొట్టమొదట పోయి చేరేది ఇరుకు మూలల్లోకే, అంటే సరిగ్గా దాటుల్లోకే. పదునైన మూల గుండ్రబడిపోతుంది. ఆ పైన మెరుపు. కిటికీ వెలుతురు పలక మీద పక్కనుంచి పడ్డప్పుడు నీడల వల్ల మెలిక లేచి కనిపిస్తుంది. మెరిసే పూత ఆ వెలుతురును తిప్పికొట్టి అద్దంలా ఎదురొస్తుంది, నీడలు చెదిరిపోతాయి. డైనింగ్ టేబులుకు అలాంటి పూత అవసరమే, వేడి గిన్నెలు పెడతాం, నీళ్ళు ఒలుకుతాయి. గోడ మీది మెలికకు ఎవరు నీళ్ళు పోస్తారు?

మెలికకు నూనె చాలు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే మరిగించిన అవిసె నూనె, మొదటి చేతికి సగం టర్పెంటైన్ కలిపి. మెత్తటి గుడ్డతో రుద్ది, పావుగంట ఆగి, పీల్చుకోకుండా మిగిలిందంతా తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే జిగురుగా మిగిలిపోతుంది. నూనె ఒక చిత్రం చేస్తుంది. దాటు దగ్గర వాలుగా చెక్కిన చోట నార కొసలు బయటపడి ఉంటాయి. అవి ఎక్కువ నూనె పీలుస్తాయి, కాబట్టి కాస్త నల్లబడతాయి. పోగు కిందికి దూరే చోట నీడ దానంతటదే చిక్కబడుతుంది. ఏ రంగూ వేయకుండా కర్రే ఆ పని చేసిపెడుతుంది. ఆరాక తేనెమైనం రుద్దితే పట్టులాంటి నునుపు వస్తుంది. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పూయొద్దు. అది ఎప్పటికీ ఆరదు, దుమ్ము పట్టుకుని మూలలన్నీ నల్లబడతాయి.

అవిసె నూనె వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక, ఇది ప్రాణానికి సంబంధించినది. ఆ నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకోవచ్చు. గుడ్డను ఆరుబయట విప్పి ఒక్క పొరగా ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచి ఉంచండి. చెక్క పొడి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఉలితో చెక్కితే పెచ్చులు వస్తాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోవు. గరుకు కాగితంతో అదే పనిగా రుద్దితే పొడి లేస్తుంది. మాస్కు పెట్టుకోండి. అంతకంటే మంచిది, ఉలికి మంచి పదును పెట్టి గరుకు కాగితం అవసరమే తగ్గించుకోవడం. పదునైన ఉలి కోసిన తలం కాగితంతో రుద్దిన తలం కంటే నిగనిగలాడుతుంది కూడా.

అంకుడు లాంటి తెల్లటి కర్ర తెల్లగానే ఉండాలనుకుంటే అవిసె నూనె కుదరదు, కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. దానికి లక్క ఉంది. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే లక్క అది. మన దేశం లోకానికంతా అమ్మే సరుకు. ఏటికొప్పాక వాళ్ళు తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, పైన మొగలాకుతో మెరుగు పెడతారు. పలక తిరగదు కాబట్టి మనం లక్క రేకుల్ని, తెల్లగా శుద్ధిచేసిన రకం కొని, స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి వడగట్టుకోవాలి. పల్చగా, నీళ్ళలా ఉండాలి. కుంచెతో ఒకటి రెండు పూతలు చాలు. మబ్బు పట్టిన రోజు వేయొద్దు, గాలిలో తేమకు పూత పాలిపోయి తెల్లబారుతుంది. నెలల కిందట కలిపిన సీసా కూడా వాడొద్దు, సరిగా గట్టిపడదు. కావలసినంతే కలుపుకోండి.

ఇవాళ సీఎన్‌సీ యంత్రం ఇదే మెలికను గంటలో కోసి ఇస్తుంది కదా, చేత్తో ఎందుకు అని అడిగేవాళ్ళున్నారు. తలుపుల కోసం యంత్రం వాడుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ దాటు దగ్గర ఏ పోగు దిగాలి, ఎక్కడ నుంచి దిగాలి, ఈ కర్ర నార దానికి ఒప్పుకుంటుందా అన్న ఆలోచన మనిషి చేతిలో పుడుతుంది. ఆ ఆలోచనలో గడిపిన సాయంత్రం కోసమే ఎవరైనా ఈ సరదా పెట్టుకునేది. రెండు ఉలులు, ఒక కొడతి, ఒక నూనెరాయి, చుక్కల కాగితం. ఫోను కొనే డబ్బులో కొంచెం చాలు.

ఈ పని పిల్లలకు బడిలోనే అందాలి. టైమ్‌టేబులులో పని విద్య పీరియడ్ ఉంటుంది. నేను పనిచేసిన చోట్ల పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్లు మా లెక్కల వాళ్ళకే ఇచ్చేవారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. వడ్రంగి పేరు అందులో స్పష్టంగా ఉంది. ఆ పది రోజుల్లో ఒక్క రోజు చుక్కల కాగితం మీద మెలిక గీయించి, రెండో రోజు మెత్తటి కర్ర ముక్క మీద ఒక్క దాటు చెక్కించండి. గరిష్ఠ సామాన్య భాజకాన్ని ఆ పిల్లలు జన్మలో మరిచిపోరు. పదునైన ఉలి పిల్లల చేతికా అని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. మొద్దుబారిన ఉలే ప్రమాదకరం, బలం పెట్టి తోయాల్సి వస్తుంది కాబట్టి జారుతుంది. పలకను బల్లకు బిగించి, రెండు చేతులూ ఉలి వెనకే ఉంచమని నేర్పితే చాలు.

నగరపాలక సంస్థలకు నా విన్నపం ఒక్కటి. విద్యుత్ తీగల కోసం ఏటా కొమ్మలు నరికిస్తారు, రోడ్ల వెడల్పు కోసం చెట్లు తీస్తారు, తుఫానుకు కూలినవి ఉంటాయి. ఆ మొద్దుల్లో కొంత భాగం పక్కన పెట్టి, పలకలుగా కోయించి, ఆరబెట్టి, పాఠశాలలకూ సరదాపడే పౌరులకూ నామమాత్రపు ధరకు ఇవ్వండి. అటవీ శాఖ అంకుడు, పొణికి మొక్కలు ఎక్కువగా నాటితే హస్తకళాకారులకూ మనకూ మేలు.

చదువుతున్న మీకు ఒక మాట. టేకు కొనడానికి డబ్బు కూడే దాకా ఆగకండి. మీ వీధిలో ఈసారి వేపో, పనసో, మామిడో కొట్టిస్తుంటే మూరెడు ముక్క అడిగి తెచ్చుకోండి. రెండు కొసలకీ మైనం పూసి, బరువు తూచి, తేదీ రాసి నీడన పెట్టండి. అది ఆరేలోగా మీ అమ్మగారినో అత్తగారినో కూర్చోబెట్టి, వాళ్ళకు వచ్చిన మెలికల ముగ్గులన్నీ చుక్కల లెక్కతో సహా ఒక నోటుపుస్తకంలో వేయించుకోండి.